కంప్యూటర్ మాటిమాటికీ ఆగిపోతోందా? ఫార్మాట్ కొట్టించే ముందు డ్రైవ్‌ని చూడండి

తెనాలిలో మా బాబాయ్‌కి డీటీపీ, జిరాక్స్ షాపు ఉంది. పోయిన మాఘమాసంలో, సరిగ్గా పెళ్లికార్డుల రద్దీలో, ఆయన కంప్యూటర్ రోజుకి నాలుగైదుసార్లు నీలం తెర వేసి ఆగిపోవడం మొదలుపెట్టింది. మెకానిక్ వచ్చి ఫార్మాట్ కొట్టి వెళ్లాడు. నాలుగు రోజులు బాగానే నడిచి మళ్లీ మొదటికొచ్చింది. రెండోసారి ఫార్మాట్ కొట్టి, ర్యామ్ కూడా మార్చాడు. అయినా అంతే. అప్పుడు నాకు ఫోన్ చేశారు: "ఒరే, పెళ్లికొడుకు పేరు కొడుతుంటే ఆగిపోయింది. రీస్టార్ట్ అయ్యి బూట్ డివైస్ లేదంటోంది. స్విచ్ తీసేసి మళ్లీ వేస్తే మాత్రం మామూలుగా వచ్చింది. ఇదేం చోద్యం రా?"

బాబాయ్ చోద్యం అన్నదే నాకు అసలు ఆధారం. రీస్టార్ట్ కొట్టినప్పుడు డ్రైవ్‌కి, అంటే విండోస్, ఫైళ్లు ఉండే హార్డ్ డిస్క్‌కో, చిప్పులతో చేసిన ఎస్‌ఎస్‌డీకో, కరెంటు ఆగదు. స్విచ్ తీసేస్తేనే ఆగుతుంది. రీస్టార్ట్‌లో కనపడని డ్రైవ్, స్విచ్ తీసి వేస్తే కనపడుతోందంటే లోపల దాన్ని నడిపించే కంట్రోలర్ చిప్ బిగుసుకుపోయిందన్నమాట. విండోస్ ఎన్నిసార్లు ఎక్కించినా ఆ జబ్బు తగ్గదు. పైగా ప్రతి ఫార్మాట్‌కీ పాత లాగ్‌లన్నీ (ఏం జరిగిందో విండోస్ రాసుకునే చిట్టాలు) తుడిచిపెట్టుకుపోతాయి, మిగిలిన ఫైళ్లు కూడా ప్రమాదంలో పడతాయి. కాబట్టి మీ కంప్యూటర్ ఇలా చేస్తుంటే ఎవరు చెప్పినా ముందు ఫార్మాట్‌కి ఒప్పుకోకండి. కింద చెప్పిన వరుసలో వెళ్లండి. ఇదంతా విండోస్ 10, 11 వాడేవాళ్ల కోసం రాస్తున్నాను.

డ్రైవ్ మీద అనుమానం ఎప్పుడు రావాలి

ఆగిపోయే ముందు ఒకటి రెండు నిమిషాలు ఏం జరుగుతోందో గమనించండి. డ్రైవ్ మొరాయిస్తే మౌస్ బాణం కదులుతూనే ఉంటుంది, అప్పటికే తెరిచిన పేజీ కనపడుతూనే ఉంటుంది, కానీ కొత్తగా ఏది నొక్కినా తెరుచుకోదు. టాస్క్ మేనేజర్ ముందే తెరిచి ఉంటే డిస్క్ 100 శాతం దగ్గర నిలబడి, చదివే వేగం మాత్రం సున్నా చూపిస్తుంది. ఆ తర్వాతే నీలం తెర పడుతుంది. కొత్త విండోస్ 11లో అది నల్ల తెర అయింది.

ఇలా ఎందుకవుతుందంటే, విండోస్ తనకి అప్పటికప్పుడు అవసరం లేని సరుకుని మెమరీలోంచి తీసి డ్రైవ్ మీద పేజ్‌ఫైల్‌లో దాచుకుంటుంది. కావాల్సినప్పుడు ఇమ్మని అడుగుతుంది. డ్రైవ్ పలకకపోతే కాసేపు ఎదురుచూసి మళ్లీ అడుగుతుంది. అడిగింది ఏదో ఒక ప్రోగ్రామ్ సరుకైతే ఆ ప్రోగ్రామ్ ఒక్కటే పోతుంది. విండోస్ గుండెకాయ లాంటి కెర్నల్ సరుకే రాకపోతే అది చేయగలిగింది ఇంకేం లేదు, ఆగిపోతుంది. తెర మీద 'కెర్నల్ డేటా ఇన్‌పేజ్ ఎర్రర్' అని పడేది ఇందుకే. 'అన్‌ఎక్స్‌పెక్టెడ్ స్టోర్ ఎక్సెప్షన్', 'ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్' కూడా ఎక్కువగా డ్రైవ్ వైపే వేలు చూపిస్తాయి. 'క్రిటికల్ ప్రాసెస్ డైడ్' మాత్రం వేరే కారణాలతోనూ వస్తుంది, దాన్నొక్కదాన్నే పట్టుకుని తీర్పు చెప్పకండి. పడిన ప్రతిసారీ వేరే వేరే కోడ్ వస్తుంటే ముందు ర్యామ్‌ని అనుమానించాలి.

కోడ్ చదివేలోపే రీస్టార్ట్ అయిపోతోందా? స్టార్ట్ మెనూలో 'అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్' అని వెతికి తెరవండి. 'స్టార్టప్ అండ్ రికవరీ' పక్కన సెట్టింగ్స్ నొక్కి 'ఆటోమేటికల్లీ రీస్టార్ట్' ముందున్న టిక్కు తీసేయండి. ఈసారి తెర అలాగే నిలబడుతుంది, ఫోన్‌తో ఫోటో తీసుకోండి. ఆ తెర మీద శాతం అంకె ఉంటే అదీ చూడండి. ఆగిపోయేటప్పుడు విండోస్ ఆ క్షణం మెమరీని డ్రైవ్ మీద రాసుకోవాలని చూస్తుంది. డ్రైవే లేకపోతే రాయడానికి చోటేది? 0 శాతం దగ్గరే ఎంతసేపటికీ కదలకపోతే అదీ ఒక సాక్ష్యమే.

ముందు ఫైళ్లు బయటికి

రోగనిర్ధారణ తర్వాత. చావుబతుకుల్లో ఉన్న డ్రైవ్‌కి ఎన్ని గంటల ఆయుష్షు ఉందో చెప్పలేం. ఆ గంటలు పరీక్షలకి ఖర్చు చేస్తారా, ఫైళ్లకి ఖర్చు చేస్తారా? ఎస్‌ఎస్‌డీ అయితే మరీ. హార్డ్ డిస్క్ చాలాసార్లు మూలిగి, నసిగి, వారాల తరబడి సతాయించి పోతుంది. ఎస్‌ఎస్‌డీ నిన్న పని చేసి ఇవాళ ఉలుకూ పలుకూ లేకుండా పోగలదు.

ఎక్స్‌టర్నల్ డ్రైవ్ ఒకటి తగిలించి కాపీ మొదలుపెట్టండి. కట్ చేసి పేస్ట్ చేయొద్దు, కాపీయే. మళ్లీ దొరకనివి ముందు: పిల్లల ఫోటోలు, లెక్కల ఫైళ్లు, కస్టమర్ల పని. సినిమాలు, సాఫ్ట్‌వేర్ సెటప్‌లు ఆఖరికి. సీ డ్రైవ్ మొత్తాన్ని ఒకేసారి లాగకుండా ఒక్కో ఫోల్డర్ చొప్పున తీయండి. ఒక ఫోల్డర్ దగ్గర హ్యాంగ్ అయితే దాని పేరు కాగితం మీద రాసుకుని, దాన్ని వదిలేసి తర్వాతి దానికి వెళ్లండి. పాడైన చోట పట్టుబట్టి కూర్చుంటే బాగున్న చోటు కూడా పోతుంది. విండోస్‌లోనే ఉండే రోబోకాపీ కమాండ్ వాడే అలవాటున్నవాళ్లకి ఒక హెచ్చరిక: అది ఒక ఫైలు చదవలేకపోతే, మీరు ఏమీ చెప్పనంతవరకు, 30 సెకన్లకోసారి చొప్పున 10 లక్షలసార్లు ప్రయత్నిస్తుంది. రీట్రైని 1కి, వెయిట్‌ని 1 సెకనుకి తగ్గించి మొదలుపెట్టండి.

ఈ దశలో చేయకూడనివి కూడా ఉన్నాయి. వైరస్ స్కాన్ వద్దు, డీఫ్రాగ్ వద్దు, చెక్‌డిస్క్ అసలే వద్దు. చెక్‌డిస్క్ మంచి పనిముట్టే, కానీ దాని పని ఫైల్ సిస్టమ్ లెక్కలు సరిచేయడం, మీ ఫైళ్లని కాపాడడం కాదు. అందులో బ్యాడ్ సెక్టార్లు (డ్రైవ్‌లో పాడైన చోట్లు) వెతికే పద్ధతి ఎంచుకుంటే డ్రైవ్‌లో ప్రతి మూలా గంటల తరబడి చదువుతుంది. కుంటుతున్న మనిషిని తిరుమల మెట్లెక్కించినట్టే. కాపీ పూర్తయ్యాక మీ ఇష్టం.

విండోస్ పైకి రావడం లేదా? స్నేహితుల కంప్యూటర్‌లో 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద విండోస్‌కి బదులు నడిచే లినక్స్ మింట్‌ని రూఫస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఎక్కించుకోండి, దాంతో బూట్ చేయండి. ఇన్‌స్టాల్ చేయనవసరం లేదు, పెన్‌డ్రైవ్ మీదే నడుస్తుంది. అక్కడ మీ ఫోల్డర్లు తెరుచుకుంటే మామూలుగా కాపీ చేసుకోవచ్చు. డ్రైవ్ మరీ మొరాయిస్తే లినక్స్‌లోనే దొరికే డీడీరెస్క్యూ వాడాలి. అది తేలిగ్గా వచ్చే భాగాలన్నీ ముందు లాగేసి, కష్టమైనవి చివరికి అట్టిపెడుతుంది. ఎక్కడిదాకా వచ్చిందో ఒక మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో ఆగినా ఆపిన చోటినుంచి మొదలుపెట్టొచ్చు. ఇమేజ్ (పాత డ్రైవ్ పూర్తి నకలు) రాసే డ్రైవ్, పాడైనదానికంటే పెద్దది ఉండాలి. ఏది పాతది, ఏది కొత్తది అన్నది ఎంటర్ కొట్టే ముందు రెండుసార్లు చూసుకోండి. తిరగేస్తే ఖాళీ డ్రైవ్ మీ ఫైళ్ల మీద పడుతుంది.

డ్రైవ్‌కి విండోస్ వేసే తాళం బిట్‌లాకర్ సంగతి ముందే తేల్చుకోండి. విండోస్ 11 ల్యాప్‌టాప్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి ఉంటే, మీకు తెలియకుండానే డ్రైవ్‌కి తాళం పడి ఉండొచ్చు. డ్రైవ్ బయటికి తీసినా, లినక్స్‌తో తెరవబోయినా 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. కంప్యూటర్ పని చేస్తున్నప్పుడే చూసి కాగితం మీద ఎక్కించుకోండి.

హార్డ్ డిస్క్ టక్ టక్ మని ఒకే తాళంలో కొడుతుంటే ఇవేవీ చేయొద్దు. వెంటనే కరెంటు తీసేయండి. లోపల చదివే హెడ్ దెబ్బతిని ఉండొచ్చు, తిప్పినకొద్దీ డిస్క్ గీరుకుపోతుంది. ఫైళ్లు అంత విలువైనవైతే డేటా రికవరీ చేసేవాళ్ల దగ్గరికే వెళ్లాలి. ఫ్రిజ్‌లో పెడితే బతుకుతుందని యూట్యూబ్‌లో చూసి ఉంటారు. లోపల చెమ్మ పట్టి ఉన్న ఆశ కూడా పోతుంది.

లాగ్‌లో ఏం రాసి ఉంది

ఫైళ్లు క్షేమం. ఇప్పుడు తీరిగ్గా దొంగని పట్టుకోవచ్చు. స్టార్ట్ మెనూలో ఈవెంట్ వ్యూయర్ తెరిచి, 'విండోస్ లాగ్స్' కింద 'సిస్టమ్'లోకి వెళ్లండి. కంప్యూటర్ పడిపోయిన సమయానికి పైన, కింద ఎర్ర, పసుపు గుర్తులున్న వరుసలు చూడండి. 'డిస్క్' పేరుతో 7 నంబరు ఉంటే బ్యాడ్ బ్లాక్. 51 అయితే పేజ్‌ఫైల్ పనిలో తప్పు. 153 అంటే ఒకసారి అడిగితే రాక మళ్లీ అడగాల్సి వచ్చింది. 'స్టోర్ఏహెచ్‌సీఐ' లేక 'స్టోర్ఎన్‌వీఎంఈ' పేరుతో 129 ఉంటే, పలకని డ్రైవ్‌ని విండోస్ కుదిపి లేపిందని అర్థం. 'ఎన్‌టీఎఫ్‌ఎస్' పేరుతో 55 అంటే ఫైల్ సిస్టమ్ చెదిరింది.

వరుస మీద నొక్కితే కింద 'హార్డ్‌డిస్క్0' లేక 'హార్డ్‌డిస్క్1' అని కనపడుతుంది. అదే నంబరు డిస్క్ మేనేజ్‌మెంట్‌లో 'డిస్క్ 0', 'డిస్క్ 1' అని ఉంటుంది. ఏ డ్రైవో అక్కడ తేలిపోతుంది. పెన్‌డ్రైవ్ సరిగ్గా ఎజెక్ట్ చేయకుండా లాగినా ఇలాంటి వరుసలు పడతాయి, కంగారుపడకండి.

'కెర్నల్ పవర్ 41' ఒక్కటే ఉండి, దానికి ముందు ఏమీ లేకపోతే? సరిగ్గా ఆపకుండా కంప్యూటర్ ఆగిపోయిందని తప్ప 41 ఇంకేం చెప్పదు. చాలామంది దాన్ని చూసి పవర్ సప్లై మార్చేస్తారు. కానీ ఆలోచించండి, లాగ్ రాసేది ఆ డ్రైవ్ మీదే. స్టేషనే తగలబడుతుంటే ఎఫ్‌ఐఆర్ ఎవరు రాస్తారు? బాబాయ్ కంప్యూటర్‌లో సగం సార్లు ఇంతే, పడిపోయిన నిమిషం ఖాళీగా ఉంది. మిగతా సగంలో 129, 153 దొరికాయి, అన్నీ డిస్క్ 0 మీదే, అంటే విండోస్ ఉన్న ఎస్‌ఎస్‌డీ మీదే.

స్మార్ట్ అంకెలు: ఏది నమ్మాలి, ఏది నమ్మకూడదు

ప్రతి డ్రైవూ తన ఆరోగ్యం లెక్కలు తనే రాసుకుంటుంది. వాటినే స్మార్ట్ అంటారు. చూడడానికి క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో చాలు, ఉచితం. తెరవగానే కుడివైపు 'రా వాల్యూస్' అన్నీ హెక్సాలో (పదికి బదులు పదహారు చొప్పున లెక్కపెట్టే పద్ధతి) ఉంటాయి, 18 కనపడితే అది నిజానికి 24. ఫంక్షన్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఫీచర్‌లోకి వెళ్లి రా వాల్యూస్‌ని 10కి మార్చుకుంటే మామూలు అంకెలు వస్తాయి.

హార్డ్ డిస్క్‌లో మూడే చూడండి. 05, అంటే పాడైన సెక్టార్‌ని పక్కన పెట్టి వేరేదానితో సర్దుకున్న లెక్క. సీ5, చదవలేక, ఏమీ తేల్చుకోలేక పెండింగ్‌లో పెట్టినవి. సీ6, ఇక చదవలేనని చేతులెత్తేసినవి. 05 కొంత ఉండి ఏళ్ల తరబడి కదలకపోతే దానితో కాలక్షేపం చేయొచ్చు. సీ5 సున్నా దాటితే నేను ఆ డ్రైవ్‌ని నమ్మను, పెరుగుతుంటే ఆ రోజే తీసేస్తాను. 01 (చదివేటప్పుడు వచ్చిన తప్పుల లెక్క) దగ్గర కోట్లలో అంకె కనపడితే భయపడకండి, కొన్ని కంపెనీలు అందులో వేరే లెక్క కలిపి రాస్తాయి.

సీ7 కథ వేరు. అది డ్రైవ్‌కి, మదర్‌బోర్డుకి మధ్య దారిలో చెడిపోయిన సమాచారం లెక్క. అంటే చాలాసార్లు తప్పు కేబుల్‌ది. ఈ అంకె ఎప్పటికీ తగ్గదు, అందుకని ఎంత ఉందన్నది కాదు, కేబుల్ మార్చాక పెరుగుతోందా లేదా అన్నదే చూడాలి.

ఎన్‌వీఎంఈ డ్రైవ్‌లో (మామూలుగా కేబుల్ లేకుండా మదర్‌బోర్డులోకే గుచ్చే వేగమైన ఎస్‌ఎస్‌డీ) 'క్రిటికల్ వార్నింగ్', 'మీడియా అండ్ డేటా ఇంటెగ్రిటీ ఎర్రర్స్' రెండూ సున్నా ఉండాలి. 'అవైలబుల్ స్పేర్' 100 నుంచి పడిపోతోందేమో చూడండి.

ఇక అసలు మోసం ఇక్కడుంది. బాబాయ్ ఎస్‌ఎస్‌డీకి క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో నీలం రంగులో 'గుడ్, 97 శాతం' అని సర్టిఫికెట్ ఇచ్చింది. ఆ శాతం కేవలం రాత వల్ల వచ్చిన అరుగుదల. కంట్రోలర్ చిప్ మధ్యమధ్యలో నిద్రపోతోందా అన్నది అందులో ఉండదు. టైర్లు కొత్తవే కదా అని ఇంజిన్ బాగుందంటామా? నా లెక్క ఇది: స్మార్ట్ 'బ్యాడ్' అంటే నమ్మండి, 'గుడ్' అంటే మాత్రం అంతటితో వదిలేయకండి.

ఒక్కొక్కటే మార్చి చూడడం

షాపులో అందరి అనుమానం డీ డ్రైవ్‌గా ఉన్న పాత హార్డ్ డిస్క్ మీదే. పాతది, పైగా గరగరలాడుతుంది. దాన్ని ముందుగా కేసులోంచి తప్పించాం. కంప్యూటర్ ఆపి, ప్లగ్ గోడ నుంచి పీకి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు పోతుంది. ఆ తర్వాత క్యాబినెట్ ఇనుము ఒకసారి ముట్టుకుని పని మొదలుపెట్టండి. విండోస్ లేని ఆ రెండో డ్రైవ్ కేబుళ్లు రెండూ పీకేసి ఒక రోజు నడపండి. బాబాయ్ కంప్యూటర్ మధ్యాహ్నంలోపే పడిపోయింది. పాత డిస్క్ నిర్దోషి.

తర్వాత సాటా డేటా కేబుల్, అంటే డ్రైవ్‌ని మదర్‌బోర్డుకి కలిపేది. వేలంత వెడల్పు లేని, వంద రూపాయల లోపు దొరికే ఆ రిబ్బను ఎంతమంది కంప్యూటర్లని ఫార్మాట్ కొట్టించిందో. ముందు కొత్తది వేసి చూడండి, ఆ తర్వాత మదర్‌బోర్డు మీద వేరే పోర్టుకి మార్చండి. పవర్ కేబుల్‌కి స్ప్లిటర్ ఉంటే తీసేసి నేరుగా ఇవ్వండి. ఒకేసారి అన్నీ మార్చేస్తే ఏది దోషో తేలదు, ఒక్కో మార్పుకీ కనీసం ఒక పూట ఇవ్వండి. ల్యాప్‌టాప్‌లో ఎం.2 డ్రైవ్ అయితే కేబుల్ ఉండదు. బ్యాటరీ కనెక్షన్ తీసి, ఒక్క స్క్రూ విప్పితే డ్రైవ్ ఏటవాలుగా లేస్తుంది, తీసి మళ్లీ గట్టిగా కూర్చోబెట్టండి. వారంటీలో ఉన్న ల్యాప్‌టాప్ అయితే విప్పకండి.

రాత్రి ఖాళీగా ఉన్నప్పుడు ర్యామ్ పరీక్ష కూడా కానిచ్చేయండి. మెమ్‌టెస్ట్86 పెన్‌డ్రైవ్ మీంచి నడుస్తుంది. ఒక్క తప్పు చూపించినా ముందు ర్యామ్ సంగతి చూడాలి.

ఎన్‌వీఎంఈ వాడేవాళ్లు పవర్ ఆప్షన్స్‌లో పీసీఐ ఎక్స్‌ప్రెస్ కింద 'లింక్ స్టేట్ పవర్ మేనేజ్‌మెంట్'ని ఆఫ్ చేసి చూడండి. కరెంటు ఆదా కోసం అది పెట్టే కునుకులోంచి కొన్ని డ్రైవ్‌లు సరిగ్గా లేవవు.

ఫర్మ్‌వేర్‌ని, అంటే డ్రైవ్ లోపలే ఉండి దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్‌ని, తేలిగ్గా తీసుకోకండి. క్రూషియల్ కంపెనీ ఎం4 ఎస్‌ఎస్‌డీలు 5,184 గంటలు, అంటే 216 రోజులు నడిచాక, గంటకోసారి మూగబోయేవి. స్విచ్ తీసి వేస్తే లేచేవి, గంట తర్వాత మళ్లీ పడుకునేవి. గంటలు లెక్కపెట్టే స్మార్ట్ కౌంటర్‌లోనే తప్పుంది. 2012 జనవరిలో కొత్త ఫర్మ్‌వేర్ ఇస్తే సరిపోయింది. 2019లో సర్వర్ల కంపెనీ హెచ్‌పీఈ కొన్ని సర్వర్ ఎస్‌ఎస్‌డీలకి ఇంతకంటే ఘోరమైన హెచ్చరిక ఇచ్చింది: ఫర్మ్‌వేర్ మార్చకపోతే 32,768 గంటలకి డ్రైవ్, డేటా రెండూ పోతాయని. కాబట్టి మీ డ్రైవ్ కంపెనీ సైట్‌లో మోడల్ నంబరు పెట్టి చూడండి. అప్‌డేట్ మాత్రం బ్యాకప్ అయ్యాకే.

చివరి పరీక్ష, అనుమానం ఉన్న డ్రైవ్‌ని యూఎస్‌బీ కేసులో పెట్టి వేరే కంప్యూటర్‌కి తగిలించడం. బాబాయ్ ఎస్‌ఎస్‌డీని నా ల్యాప్‌టాప్‌కి పెట్టి పెద్ద ఫోల్డర్ కాపీ చేశాను. కాసేపు పరుగెత్తి, ఉన్నట్టుండి సున్నాకి పడి, టంగ్ మని శబ్దం చేసి లిస్టులోంచే మాయమైంది. మూడుసార్లూ అంతే. వేరే మదర్‌బోర్డు, వేరే ర్యామ్, వేరే విండోస్, రోగం మాత్రం అదే. కొన్నది 14 నెలల కిందటే.

కొత్తది వేసేటప్పుడు

బిల్లు ఉంటే వారంటీ అడగండి, ఎస్‌ఎస్‌డీలకి 3 ఏళ్లో 5 ఏళ్లో ఉండడం మామూలే. అయితే మీ డ్రైవ్ తిరిగి రాదు, వేరేది ఇస్తారు. జిరాక్స్ షాపు డ్రైవ్ అంటే ఊళ్లో సగం మంది ఆధార్ కాపీలు అందులో ఉంటాయి. ఇచ్చే ముందు పూర్తిగా ఎరేజ్ చేయగలిగితే చేసి ఇవ్వండి. ఎరేజ్‌కి కూడా డ్రైవ్ నిలబడకపోతే, వారంటీ వదులుకుని సుత్తితో చిప్పులు పగలగొట్టడమే మేలని నా అభిప్రాయం. బాబాయ్‌ది రెండో ప్రయత్నంలో ఎరేజ్ అయింది కాబట్టి ఆ బాధ తప్పింది.

కొత్తది కొనేటప్పుడు 2 టీబీ వెయ్యి రూపాయలకే అన్న ఆన్‌లైన్ బేరాల జోలికి వెళ్లకండి. లోపల చిన్న మెమరీ కార్డు పెట్టి పెద్ద అంకె చూపించే సరుకు అది.

పాతదాన్ని ఉన్నదున్నట్టు కొత్తదాని మీదికి క్లోన్ చేయాలా, విండోస్ కొత్తగా ఎక్కించాలా? డ్రైవ్ తప్పుగా చదువుతున్నప్పుడు క్లోన్ చేస్తే చెడిపోయిన సిస్టమ్ ఫైళ్లు కూడా కొత్తదానికి అంటుకుంటాయి. ఒక పూట పోయినా నేను కొత్తగానే ఎక్కిస్తాను. అదే మదర్‌బోర్డు కాబట్టి డిజిటల్ లైసెన్స్ ఉన్న విండోస్ ఇంటర్నెట్ రాగానే తనే యాక్టివేట్ అవుతుంది. బాబాయ్‌కి అసలు టెన్షన్ విండోస్ గురించి కాదు, తెలుగు ఫాంట్ల గురించి. పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో చేసిన పాత కార్డులన్నీ ఆ ఫాంట్లు లేకపోతే పిచ్చిగీతలే. కాబట్టి డీటీపీ వాళ్లు బ్యాకప్‌లో ఫాంట్స్ ఫోల్డర్, కీబోర్డ్ సాఫ్ట్‌వేర్ సెటప్ మర్చిపోవద్దు.

కొత్త డ్రైవ్ వేశాక వారం రోజులు ఈవెంట్ వ్యూయర్‌లో 129, 153 మళ్లీ వస్తున్నాయేమో చూడండి. వస్తే తప్పు మదర్‌బోర్డు పోర్టుదో పవర్ సప్లైదో అయి ఉంటుంది. నెలకోసారి స్మార్ట్ అంకెలు నోట్ చేసుకోండి. బాబాయ్ క్యాబినెట్ పక్కన ఒక పెళ్లికార్డు వెనకవైపు సెల్లో టేపుతో అంటించి ఉంది. దాని మీద ఆయన చేతిరాతలో మూడు నెలల తారీఖులు, పక్కన 05, సీ5, సీ6. అందరూ తిట్టిపోసిన ఆ గరగరలాడే పాత డిస్క్‌కి ఇప్పటికీ అన్నీ సున్నాలే.